బతికున్నోళ్ల కట్టు

మొన్న మా వీధిలో పోస్టుమాస్టరు గారు చనిపోయారు. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. ఇంటి నిండా జనం. ఏడ్చేవాళ్లు ఏడుస్తున్నారు, ఫోన్లు చేసేవాళ్లు చేస్తున్నారు. ఐస్ పెట్టె కోసం ఒకరు, టెంటు కోసం ఒకరు పరుగెత్తారు. ఆయన నోరు మాత్రం తెరిచే ఉంది. ఈగలు వాలకుండా కోడలు కొంగుతో విసురుతోంది.

దవడ కట్టాలని అక్కడ అందరికీ తెలుసు. ప్రాణం పోయిన గంటా రెండు గంటల్లో కట్టకపోతే బిగుసుకుపోతుంది. ఆ తరువాత ఎంత నొక్కినా మూతపడదు. కడసారి చూపుకు వచ్చినవాళ్లందరికీ ఆ తెరిచిన నోరే గుర్తుండిపోతుంది. తెలిసినా ఎవరూ ముందుకు రాలేదు. చివరికి ఒకాయన తువ్వాలు తెచ్చి చెవుల మీదుగా ముడి వేశాడు. అది జారి ముక్కు మీద పడింది. అప్పుడు అరుగు మీద కూర్చున్న ఒక పెద్దామె నిట్టూర్చింది.

"ఆ ముసలామె ఉంటే ఈపాటికి చిటికెల కట్టేది. పాపం, మంచి మనిషి."

పాపం, మంచి మనిషట! నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మాట అన్నది ఎవరో కాదు, తన కూతురి పెళ్లినాడు ఆ ముసలామె ఎక్కడ గడప తొక్కుతుందోనని గేటుకు గొళ్లెం పెట్టించిన మనిషి. అవసరం పడ్డాక మంచితనం గుర్తొచ్చింది. రెండు రాత్రులుగా ఆ మాట నా చెవుల్లోంచి పోవడం లేదు. అందుకే పాప పడుకున్నాక ఇది రాస్తున్నాను.

ఆమెకు ఒక పేరుంది. రేషన్ కార్డు మీద చూశాను. బతికినన్నాళ్లు ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, ఇప్పుడు నేను రాసి గొప్ప చేయదలచుకోలేదు. అవ్వ అనేవాళ్లం. సూర్యాపేటలో మా వీధి మలుపు దగ్గర, పాలకేంద్రం వెనక ఆమెది ఒంటి గది. పాత చీరలతో బొంతలు కుట్టేది. మా వీధిలో పుట్టిన పిల్లలందరూ ఆమె బొంతల మీదే పెరిగారు, మా పాపతో సహా. సూది ఎప్పుడూ కొప్పులో గుచ్చే ఉండేది, దారంతో సహా. ఆ దారం మెడ మీదికి వేలాడుతుంటే దూరం నుంచి ఊడిన వెంట్రుకలా కనిపించేది.

కోడళ్లను పుట్టింటి ఊరితో పిలవడం ఆమె అలవాటు. నేను మిర్యాలగూడ. ఎదురింటామె కోదాడ. ఒకే ఊరి నుంచి వచ్చిన తోడికోడళ్లిద్దరు పెద్ద నడిగూడెం, చిన్న నడిగూడెం. "ఏయ్ మిర్యాలగూడా! బొంత తడిసిందా? తడిస్తే ఎండెయ్యాలె గని అత్తరు కొడ్తవా?" అని నడివీధిలో నిలబడి అరిచేది. నేను నిజంగానే బొంత మీద పౌడరు చల్లేదాన్ని. అది ఆమెకెలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆమె కుట్టుకు ఒక తీరుండేది. ఆరు కుట్లు ముందుకు, ఏడోది వెనక్కి. ఎందుకవ్వా అలా అంటే, "ఆరు తెగినా ఏడోది ఆపుతది" అనేది. అంతకు మించి చెప్పేది కాదు.

ఇక రెండో పని. దాని గురించి వీధిలో ఎవరూ పైకి మాట్లాడేవారు కాదు. ఏ ఇంట్లోనైనా ప్రాణం పోతే ఒక మనిషి వెళ్లి ఆమె తలుపు ముందు నిలబడి దగ్గేవాడు. పిలవకూడదు, ఊరికే దగ్గాలి. ఆమె బయటికి వచ్చి ఎవరని అడిగేది కాదు. "ఎంతసేపైంది?" అని మాత్రం అడిగేది.

మొదటిసారి నేను చూసింది మా మామయ్య పోయినప్పుడు. అప్పటికి నాకు పెళ్లయి రెండేళ్లు. అవ్వ వచ్చి మంచం పక్కన గొంతుక్కూర్చుంది. ఉతికి ఉతికి మెత్తబడ్డ తెల్లగుడ్డ అంచును పంటితో కొరికి బారుగా చింపింది. గడ్డం కింద నుంచి చెంపల మీదుగా తీసి నడినెత్తి మీద ముడి వేసింది. కాలి బొటనవేళ్లు రెండూ కలిపి కట్టింది. అయ్యాక మామయ్య చెంప మీద అరచేత్తో రెండుసార్లు మెల్లగా తట్టింది. "ఇగ పండుకో బిడ్డా. పనులన్నీ అయినయ్" అంది. ఆమెకంటే మా మామయ్యే పెద్దవాడు. అయినా బిడ్డా అనే అంది. అందరికీ అలాగే అనేదట.

తరువాత లేచి పెరటి గుమ్మం గుండా వెళ్లిపోయింది. చావింట్లో పోయొస్తానని చెప్పకూడదు కదా. ఎన్నేళ్లు చావిళ్లకు తిరిగిందో గాని ఆ అలవాటు ఆమెకు ఒంటికి పట్టుకుపోయింది. ఎక్కడికి వచ్చినా చెప్పకుండానే లేచి వెళ్లిపోయేది. మాట్లాడుతూ మాట్లాడుతూ తల తిప్పి చూస్తే మనిషి ఉండేది కాదు. కోడళ్లం నవ్వుకునేవాళ్లం. మామయ్య పోయిననాడు మాత్రం నేను నవ్వలేదు. ఆమె కూర్చున్న చోట మా ఆడబిడ్డ అప్పుడే రెండు చెంబుల నీళ్లు గుమ్మరించి కడిగింది. అవ్వ ఇంకా పెరట్లోనే ఉంది. ఆ నీళ్ల చప్పుడు ఆమెకు వినిపించే ఉంటుంది.

నా భర్త మందుల కంపెనీ రిప్రజెంటేటివ్. సోమవారం కోదాడ, మంగళవారం మిర్యాలగూడ, బుధవారం ఇక్కడే సూర్యాపేట, గురువారం మళ్లీ కోదాడ. అంతా బైకు మీదే. లావు మెడ, పెద్ద గురక. పెళ్లయిన కొత్తలో ఆ గురకకు నేను ఏడ్చాను కూడా. తరువాత గురక కంటే గురక ఆగిపోవడానికే ఎక్కువ భయపడ్డాను. ఉన్నట్టుండి చప్పుడు ఉండదు. ఛాతీ ఎగురుతూనే ఉంటుంది గాని గాలి లోపలికి పోదు. నేను లెక్కపెట్టుకునేదాన్ని. పది, ఇరవై, ముప్ఫై. అప్పుడు నీళ్లలోంచి తేలినవాడిలా ఎగశ్వాస తీసుకుని పక్కకు తిరిగేవాడు. ఒక పక్క చంటిపిల్ల ఊపిరి, ఇంకో పక్క ఆయన ఊపిరి. రెండూ లెక్కపెడుతూ తెల్లవార్లూ కూర్చున్న రాత్రులు ఎన్నో.

పగలు ఆయనకు కూర్చుంటే నిద్ర. డాక్టరు గది ముందు బెంచీ మీద నిద్ర. ఒకరోజు మునగాల దాటాక బైకు మీదే కన్ను మూతపడింది. వెనక వస్తున్న లారీ హారన్‌కు మెలకువ వచ్చింది. ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. నేను చేతిలో గిన్నె నేలకేసి కొట్టాను. "ఇంకోసారి ఆ మాట నవ్వుకుంటూ చెప్తే బైకు తాళం నాలాలో పడేస్త" అన్నాను.

హైదరాబాదులో రాత్రంతా పడుకోబెట్టి పరీక్ష చేశారు. నిద్రలో గొంతు మూసుకుపోతోందని చెప్పి గాలి పంపే మెషీన్ రాశారు. ముక్కుకు మాస్కు, దానికో గొట్టం. కరెంటు పోతే ఆగిపోతుంది కాబట్టి ఇన్వర్టరు. అన్నీ అమర్చాం. ఇంతా చేస్తే నిద్రపట్టగానే ఆయన నోరు తెరుచుకునేది. ముక్కులోంచి పోయిన గాలంతా బుస్సుమని నోట్లోంచి బయటికి. తెల్లవారేసరికి నాలుక అట్టలా ఎండిపోయేది. చిరాకుతో మాస్కు పీకి పారేసేవాడు. డాక్టరు ఫోనులో చెప్పింది ఒక్కటే. "చిన్ స్ట్రాప్ పెట్టుకోండి. గడ్డాన్ని పట్టి ఉంచుతుంది."

ఆ ఒక్క పట్టీ కోసం నేను తిరిగిన తిరుగుడు ఆ మెషీన్ కోసం కూడా తిరగలేదు. హైదరాబాదు డీలరు పంపింది నైలాన్‌ది. ఒక్క రాత్రికే చెవుల కింద ఎర్రటి చారలు తేలాయి. అర్ధరాత్రికి నెత్తి మీద నుంచి జారి మెడకు చుట్టుకుంది. చూసి గబుక్కున విప్పేశాను. డీలరుకు ఫోను చేస్తే, "మేడం, అందరికీ సరిపోయే సైజే అది" అన్నాడు. అందరి తలలూ ఒకటే సైజా అంటే ఫోను పెట్టేశాడు. మిర్యాలగూడలో మా అమ్మ వాళ్లింటికి వెళ్లినప్పుడు సర్జికల్ షాపులో అడిగితే మెడనొప్పికి పెట్టుకునే గట్టి పట్టా చేతిలో పెట్టారు. కోదాడలో ఇంకో షాపాయన, "ఇది చూడండమ్మా, మోచేతి పట్టీ, బాగా సాగుద్ది, గడ్డానికి కూడా వాడేసుకోవచ్చండి" అన్నాడు. "మీరు వాడుతున్నారా?" అన్నాను. నన్ను ఎగాదిగా చూసి మోచేతి పట్టీ లోపల పెట్టేసుకున్నాడు. చివరికి పాత హెల్మెట్ పట్టీ కోసి కట్టి చూశాను. అదీ అంతే.

వీటన్నిటికీ మించింది ఇంట్లో యుద్ధం. నైలాన్ పట్టీ కట్టిన మొదటి రాత్రి అత్తమ్మ మంచినీళ్ల కోసం లేచి మా గది వైపు చూసింది. గడ్డం కింద నుంచి నెత్తి దాకా కట్టు, కళ్లు మూసుకుని వెల్లకిలా కొడుకు. ఆమె కేకకు పాప లేచి ఏడ్చింది.

"నా కొడుకు బతికుండంగనే దవడ కట్టినవా? ఎవలు చెప్పిన్రే నీకు ఈ పాడు పని?"

"అత్తమ్మా, డాక్టర్ చెప్పిండు."

"డాక్టరుకేం, ఆయన కట్టుకుంటడా? మీ మామకు కట్టింది సూడలేదా నువ్వు? ఈ కండ్లతోని సూసిన నేను. గదే కట్టు. గదే ముడి."

ఆమె బాధ నాకు అర్థం కాకపోలేదు. కాని అర్థమైన కొద్దీ కోపమే వచ్చింది. చావంటే ఉన్న భయం కొద్దీ బతికున్నవాడిని చంపుకుంటామా? అలా అడిగాను కూడా. నా నోట చంపడం అనే మాట విని ఆమె మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ మూడు రోజుల్లోనే నాకు తట్టింది. అత్తమ్మ చెప్పింది నిజమే. గదే కట్టు. అయితే ఈ ఊళ్లో దవడ కట్టడం బాగా తెలిసిన మనిషి ఎవరు?

మధ్యాహ్నం అందరూ పడుకున్నాక పాపను చంకనేసుకుని అవ్వ దగ్గరికి వెళ్లాను. గుమ్మంలో నిలబడి ఏం మాట్లాడాలో తెలియక గొంతు సవరించుకున్నాను. లోపల బొంత కుడుతున్న మనిషి ఠక్కున లేచింది.

"ఎంతసేపైంది?"

"అయ్యో, లేదవ్వా! ఎవ్వరూ పోలేదు."

"పోకపోతే ఎందుకు దగ్గుతవే గుమ్మంల నిలబడి? పిల్లను పట్టుకోని! తుపుక్ తుపుక్." పాప దిక్కు ఉమ్మినట్టు చేసింది. "కూసో. ఏంది చెప్పు."

చెప్పాను. విన్నంతసేపు ఆమె ముఖం గట్టిపడుతూ వచ్చింది.

"నేను బతికినోళ్లకు కట్ట" అంది. "నా చెయ్యి అసొంటిది గాదు. మీ అత్తకు తెలిస్తే నన్ను కొడ్తది, కొట్టినా తప్పులేదు. పో."

నేను కదలలేదు. ఆయన బైకు మీద నిద్రపోయిన సంగతి చెప్పాను. ముప్ఫై దాకా లెక్కపెడతానని చెప్పాను. చెబుతుంటే ఏడుపు వచ్చింది, దానితో పాటు కోపం కూడా. "నువ్వు గూడ అందర్లెక్కనే అంటే ఎట్లవ్వా? ఆయన లారీ కింద పడ్డంక వచ్చి కడ్తవా? అప్పుడు కడ్తవ్ గద!" అనేశాను.

అవ్వ కొప్పులోంచి సూది తీసి మళ్లీ అక్కడే గుచ్చుకుంది.

"నోరు పెద్దదే మిర్యాలగూడా నీది" అంది చివరికి. "నీ బిడ్డ పుట్టినప్పుడు ఏ గుడ్డల చుట్టిన్రు?"

"మా అమ్మ పాత చీరల."

"అది తే. సచ్చినోళ్ల ఇంట్ల వాడిన గుడ్డ పనికిరాదు. పట్టు వద్దు, నైలాను వద్దు. పురిటి గుడ్డ తే."

పాప పొత్తిళ్ల చీర తెచ్చిచ్చాను. దాన్ని చెంపకు ఆనించుకుని చూసింది. రెండు పొరలు మడిచి, గడ్డం ఆనే చోట చిన్న గిన్నెలా గుంట వచ్చేలా కుచ్చు పెట్టింది. చెవులకు తగలకుండా ముందు నుంచి పోయేలా కుట్టింది. బుధవారం నాడు మా అత్తమ్మ గుడికి వెళ్లిన వేళ వెనక గుమ్మం గుండా మా ఇంటికి వచ్చింది. ఆయన్ను పీట మీద కూర్చోబెట్టింది. మందుల సంచీ వేసుకుని డాక్టర్ల ముందు దంచి మాట్లాడే మనిషి బడిపిల్లవాడిలా గడ్డం ఎత్తి కూర్చున్నాడు.

"పండుకో. పండుకోని పొర్లు."

"పొర్లుడేంది అవ్వా?"

"సచ్చినోడు పొర్లడు. నువ్వు పొర్లుతవ్ గద. నాకు పొర్లెటోనికి కట్టి అలవాటు లేదు, సూడాలె."

ఆయన నవ్వాపుకుంటూ చాప మీద ఇటూ అటూ పొర్లాడు. కట్టు వెనక్కి జారింది. ఆమె నాలుక చప్పరించి, అక్కడే కూర్చుని మెడ వెనక నుంచి పోయే ఇంకో చిన్న పట్టీ కుట్టింది. మళ్లీ పొర్లించింది. ఈసారి కదల్లేదు. అప్పుడు నా చెయ్యి పట్టుకుని ఆయన గడ్డం కింద పెట్టించింది.

"రెండు వేళ్లు దూరాలె. దవడను నొక్కిపట్టేది గాదు, మోసేది. ముడి సూడు. సచ్చినోళ్లకు పీటముడి ఏస్త. వాళ్లకు దగ్గు రాదు, కక్కు రాదు. వీనికి జారుముడి. నడిరాత్రి కక్కొస్తే ఒక్క గుంజుకు ఊడి రావాలె. వాడే గుంజుకోవాలె, నువ్వు లేచేదాక ఆగొద్దు. మర్సిపోతవా?"

"మర్సిపోనవ్వా."

"సెయ్యి."

నాలుగుసార్లు నాతో కట్టించి విప్పించింది. ఐదోసారి తనే కట్టింది. ముడి వేసి, అంచులు సర్ది, ఒకసారి చూసుకుంది. అప్పుడు ఆమె కుడిచెయ్యి దానంతట అది ఆయన చెంప మీదికి లేచింది. రెండుసార్లు తట్టడానికి. చెంపకు బెత్తెడు దూరంలో ఆగిపోయింది. ఆమె ఆ చెయ్యిని గబుక్కున వెనక్కి లాక్కుని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చుంది. ఆమె ముఖంలో అంత భయం నేను ముందెన్నడూ చూడలేదు, తరువాత కూడా చూడలేదు. ఎన్ని శవాల పక్కన కూర్చున్న మనిషో! ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు కాబట్టి ఏమీ చూడలేదు. నేను ఎడమవైపు తిరిగి పాపను సర్దుకుని తల ఎత్తేసరికి ఆమె లేదు. ఎప్పటిలాగే చెప్పకుండా వెళ్లిపోయింది.

ఆ రాత్రి నేను లెక్కపెట్టడానికి కూర్చున్నాను. లెక్కపెట్టాల్సిన పనే పడలేదు. మెషీన్ సన్నగా ఊదుతోంది. ఆయన నోరు మూసుకునే ఉంది. ఛాతీ ఊయలలా పైకీ కిందికీ ఆడింది. పెళ్లయ్యాక మొదటిసారి నేను తెల్లవారేదాకా నిద్రపోయాను.

ఎవరు కుట్టారని అత్తమ్మ అడిగితే కోదాడలో దర్జీ కుట్టాడని చెప్పాను. నాకు దాని మీద ఇప్పటికీ సిగ్గుగా ఉంది. మూడు నెలలు నడిచింది ఆ అబద్ధం. ఒకరోజు పట్టీ ఉతికి తీగ మీద ఆరేశాను. అత్తమ్మ పాప బొంత దులుపుతూ దాని పక్కన నిలబడింది. బొంత వైపు చూసింది. పట్టీ వైపు చూసింది. ఆరు కుట్లు ముందుకు, ఏడోది వెనక్కి. నేను వంటింట్లోంచి బయటికి వచ్చేసరికి పట్టీ నీళ్లు కాగే పొయ్యిలో ఉంది.

"శవాలను ముట్టే చెయ్యి నా కొడుకు మొఖం మీద పెట్టిస్తవా?" అంది. అరవలేదు. చాలా మెల్లగా అంది. అంత మెల్లగా అనడం నాకు ఇంకా ఒళ్లు మండించింది.

"పాప బొంత గూడ ఆ చెయ్యే కుట్టింది అత్తమ్మా! అదీ కాల్చు! నువ్వు పండుకునేది గూడ కాల్చు!"

"అది వేరు."

ఎలా వేరు? ఈ వీధిలో అందరికీ అది వేరే. ఆమె చేత్తో కుట్టింది కావాలి, ఆ చెయ్యి వద్దు.

నాలుగో రోజు గురువారం. మూడు రాత్రులు పట్టీ లేకుండా, మాస్కు పీకేస్తూ పడుకున్న మనిషి కోదాడ నుంచి తిరిగి వస్తూ హైవే పక్క దారిలో ధాబాకు వెళ్లబోయాడు. బైకు మీదే నిద్రపోయాడు. రోడ్డు మీద ఎవరో రైతు ఆరబోసిన వడ్ల కుప్పలోకి దూరింది బండి. మోచేయి చర్మం లేచిపోయింది, మరేమీ కాలేదు. ఒంటి నిండా వడ్ల దుమ్ముతో ఇంటికి వచ్చాడు. అత్తమ్మ ఆయన జుట్టులోంచి వడ్లగింజలు ఒక్కొక్కటీ ఏరింది. ఏరుతూ నాతో ఒక్క మాటే అంది.

"పో. అడుగు పో."

వెళ్లాను. కుక్క ఎత్తుకుపోయిందవ్వా, ఇంకోటి కుట్టియ్యి అన్నాను.

అవ్వ నన్నే చూసింది. "ఆ కుక్కకు బొట్టు ఉన్నదా లేదా?" అంది. అత్తమ్మకు మామయ్య పోయాక బొట్టు లేదు. నేను తల దించుకున్నాను. ఆమె పకపకా నవ్వింది. నవ్వి, మిగిలిన పురిటి గుడ్డ పెట్టెలోంచి తీసింది. ఈసారి రెండు కుట్టింది. "ఒకటి కుక్కకు" అంది.

ఇంత చేసిన మనిషికి నేనేం చేశాను? అదే చెప్పాలి. చెప్పకుండా వీధిని మాత్రం తిట్టిపోస్తే నాకూ ఆ గేటుకు గొళ్లెం పెట్టినామెకూ తేడా ఏముంది?

పోయినేడు చలికాలంలో అవ్వ చనిపోయింది. పాలకేంద్రం అబ్బాయి చెప్పాడు, పొద్దున ఎంతసేపటికీ తలుపు తీయలేదని. తలుపు నెట్టి చూస్తే కుడుతున్న బొంత మీదే ఒరిగిపోయి ఉందట. నేను పాపను ఎత్తుకుని పరుగెత్తాను. అప్పటికే ఇరవై మంది ఉన్నారు. అందరూ గుమ్మం బయటే. ఆమె నోరు తెరిచి ఉంది. కొప్పులో సూది అలాగే ఉంది. ఎంతసేపైందని అడిగేవాళ్లు లేరు.

నాకు కట్టడం వచ్చు. మా వీధిలో ఆమె తరువాత కట్టడం వచ్చింది నాకొక్కదానికే. పాపను దించి ముందుకు అడుగు వేశాను. అత్తమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"పిల్లగల్లదానివి. ముత్తైదువవు. రాత్రికి నీ మొగనికి కట్టే చేతులవి. పోకు."

గట్టిగా పట్టుకోలేదు. విదిలిస్తే విడిపోయేది. నేను విదిలించలేదు. నా కళ్ల ముందు రాత్రి ఆయన గడ్డం కనిపించింది, ఆ గడ్డం కింద నా వేళ్లు కనిపించాయి. భయమేసింది. డిగ్రీ చదివాను, సైన్సు చదివాను, నైలాన్ పట్టీ డీలరును నిలదీశాను, కోదాడ షాపాయన్ను వెక్కిరించాను. ఆ గుమ్మం ముందు మాత్రం కాళ్లు రాలేదు.

చివరికి మున్సిపాలిటీ బండి వాళ్లే కట్టారు. గుడ్డ లేదంటే ఎవరో బియ్యం బస్తా కుట్టే సుతిలి తాడు విసిరారు. దాంతో కట్టారు. ముడి చెవి పక్కన పడింది. మెత్తటి గుడ్డ లేనిదే చచ్చినవాళ్ల దవడను కూడా ముట్టని మనిషి. ఆ సుతిలి ఆమె చెంపలోకి దిగిపోవడం నేను గుమ్మం బయట నిలబడి చూశాను. చెంప మీద ఎవరూ తట్టలేదు. పండుకో బిడ్డా అని ఎవరూ అనలేదు.

అందుకే మొన్న పోస్టుమాస్టరు గారింట్లో "పాపం, మంచి మనిషి" అన్న మాట వినగానే లేచాను. ఇంటికి వచ్చి ఒక ఉతికిన పంచె తీసుకున్నాను. అత్తమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది. ఈసారి ఆమె చెయ్యి నా మోచెయ్యి మీద పడకముందే దాటుకుని వెళ్లాను. పంటితో చింపాను. గడ్డం కింద నుంచి నడినెత్తికి తీసి పీటముడి వేశాను. వేళ్లు కట్టాను. అందరూ చూస్తుండగానే చెంప మీద రెండుసార్లు తట్టి, "ఇగ పండుకో బిడ్డా" అన్నాను. నా తాత వయసు ఆయనది. పెరటి గుమ్మం గుండా బయటికి వచ్చాను, ఎవరికీ చెప్పకుండా. వెనక నీళ్ల చప్పుడు వినిపించింది.

సందులో పై వీధి ఆమె ఎదురొచ్చింది. "అవ్వ నేర్పిందంటగ నీకు? నీ నంబరియ్యి బిడ్డా. ఎప్పుడన్న పని పడ్తది" అంది. ఆమె మొహాన ఉమ్మేయాలనిపించింది. నంబరు ఇవ్వలేదు. ఇవ్వకపోయినా రేపు వచ్చి గుమ్మం ముందు దగ్గుతారు, నాకు తెలుసు.

తలస్నానం చేశాను. అత్తమ్మ చెప్పక్కర్లేదు, నేనే పోసుకున్నాను. ఆ రాత్రి పట్టీ తీసుకుని మంచం దగ్గరికి వెళ్తే ఆయన తన తల్లి గది వైపు చూశాడు.

"నువ్వు అలసిపోయినవ్. నేనే కట్టుకుంట తియ్" అన్నాడు.

అలసిపోయావట! పట్టీ ఆయన చేతిలో పెట్టాను. ఆయనే కట్టుకున్నాడు, వంకరగా. రెండు గంటలకు జారింది. నోరు తెరుచుకుంది. గాలి బుస్సుమంటోంది. ఊపిరి ఆగింది. నేను లెక్కపెట్టాను. పది. ఇరవై. కట్టొద్దన్నావు కదా అని పళ్లు బిగించి కూర్చున్నాను. ఇరవై ఐదు దాకా కూర్చున్నాను. ఆ ఇరవై ఐదు ఎవరి మీది కోపమో నాకే తెలియదు. తరువాత లేపి కూర్చోబెట్టి, కట్టు విప్పి, మళ్లీ కట్టాను. ఆయన నా చేతులు పట్టుకుని ఆపలేదు.

ఈ రాత్రి ఏమీ అనకుండానే మంచం అంచున కూర్చుని గడ్డం ఎత్తాడు. కళ్లు మాత్రం గట్టిగా మూసుకున్నాడు. గడ్డాన్ని గుంటలో కూర్చోబెట్టాను. రెండు వేళ్లు దూర్చి చూశాను. నడినెత్తి మీద జారుముడి వేశాను. అంచులు సర్దాను. అప్పుడు నా కుడిచెయ్యి లేచింది. దానంతట అదే. ఆయన చెంపకు బెత్తెడు దూరం దాకా వెళ్లింది. ఆ రెండు తట్లు ఎవరి చెంప మీద పడాలో ఆ చెంప సుతిలి తాడు కిందే పోయింది. ఈ చెంప మీద పడడానికి వీల్లేదు.

చెయ్యి లాక్కున్నాను. ఆయన పడుకున్నాడు. మెషీన్ ఊదుతోంది, నోరు మూసుకునే ఉంది, పాప అవ్వ కుట్టిన బొంత మీద నిద్రపోతోంది. నేను మంచం పక్కన కూర్చుని ఇది ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతున్నాయి. కుడిచెయ్యి తొడ కింద ఉంది.